క్లాక్ రాకముందు చిప్‌ని ఎవరు పట్టుకోవాలి?

మీరు అడిగింది ఇదీ: బ్రేక్ కంట్రోలర్‌లోకి వెళ్లే చిప్ చేస్తున్నారు, ఆసిల్-డి (బండ్ల ఎలక్ట్రానిక్స్‌కి ఉన్న అత్యంత కఠినమైన భద్రతా స్థాయి) కావాలి. రీసెట్ (చిప్‌ని తెలిసిన మొదటి స్థితికి తెచ్చే సిగ్నల్) మొత్తం సింక్రనస్‌గా, అంటే క్లాక్‌తో పాటే పనిచేసేలా పెట్టాలని టీమ్‌లో ఒకరు, అసింక్రనస్‌గా, అంటే క్లాక్ కోసం ఆగకుండా పనిచేసేలా పెట్టాలని ఇంకొకరు పట్టుబడుతున్నారు. ఈలోగా 50 మెగాహెర్ట్జ్ క్లాక్‌తో ఎఫ్‌పీజీఏ (లోపలి లాజిక్‌ని మనమే అమర్చుకోగల చిప్) మీద నడుస్తున్న మీ ప్రోటోటైప్ రెండు మూడు వందల సార్లు ఆన్ చేస్తే ఒకసారి బిగుసుకుపోతోంది. ఆఫ్ చేసి ఆన్ చేస్తే మళ్లీ మామూలే. సిమ్యులేషన్‌లో ఒక్కసారి కూడా కనపడలేదు. ఏ రీసెట్ పెట్టాలి, ఈ తప్పు ఎక్కడ వెతకాలి?

సూటిగా చెప్తాను. రీసెట్ పడటం క్లాక్‌తో సంబంధం లేకుండా అప్పటికప్పుడు జరగాలి. రీసెట్ వదలడం మాత్రం క్లాక్ ఎడ్జ్‌తో (క్లాక్ సిగ్నల్ మారే క్షణంతో) కలిసి జరగాలి. కాబట్టి మీ టీమ్‌లో ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉంది. అయితే ఇరవై రెండేళ్లుగా చిప్ డిజైన్‌లో ఉండి నేను గమనించింది ఏంటంటే, రీసెట్ మీద చర్చ ఎప్పుడూ ఫ్లిప్‌ఫ్లాప్ (ఒక 0 లేదా 1ని దాచుకునే సర్క్యూట్, పొట్టిగా ఫ్లాప్) దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. అసలు ప్రశ్న అంతకు ముందే ఉంది. వోల్టేజ్ ఇంకా సగం దారిలో ఉన్నప్పుడు, క్లాక్ ఇంకా మొదలవ్వనప్పుడు, మీ చిప్ అవుట్‌పుట్ పిన్నులు ఏం చేస్తున్నాయి?

మా దగ్గర చేరే ప్రతి కొత్త ఇంజినీరుకీ నేను నాసా వాళ్ల వైర్ ఉపగ్రహం సంగతి చెప్తాను. పూర్తి పేరు వైడ్-ఫీల్డ్ ఇన్‌ఫ్రారెడ్ ఎక్స్‌ప్లోరర్. 1999 మార్చిలో పెగసస్ రాకెట్ దాన్ని కక్ష్యలో పెట్టింది. అందులో 30 సెంటీమీటర్ల టెలిస్కోప్, దాన్ని చల్లగా ఉంచడానికి గడ్డకట్టిన హైడ్రోజన్, అదీ నాలుగు నెలలకు సరిపడా. కక్ష్యలో అన్నీ సర్దుకున్నాక టెలిస్కోప్ మూతను చిన్న పేలుడు పరికరాలతో ఊడగొట్టాలని ప్లాన్. కానీ ఆ పరికరాల్ని నడిపే ఎలక్ట్రానిక్స్ పెట్టెకి మొదటిసారి పవర్ ఇవ్వగానే మూత ఊడిపోయింది. వేడి లోపలికి చేరింది, హైడ్రోజన్ ఆవిరై బయటికి చిమ్మింది. ఆ జోరుకి ఉపగ్రహం నిమిషానికి 60 చుట్ల దాకా గిర్రున తిరిగింది. రెండు రోజులు గడవకముందే హైడ్రోజన్ మొత్తం ఖాళీ. ఆ టెలిస్కోప్ దేనికోసం పైకి వెళ్లిందో ఆ పని మొదలే కాలేదు.

దర్యాప్తు బోర్డు తేల్చిన కారణం చదివితే మీ టీమ్‌లో వాదనే అక్కడా కనిపిస్తుంది. లాజిక్‌ని సురక్షిత స్థితిలోకి తేవడానికి ఆ పెట్టెలో సింక్రనస్ రీసెట్ వాడారు. సింక్రనస్ రీసెట్ పనిచేయాలంటే క్లాక్ ఎడ్జ్ రావాలి. పవర్ రాగానే క్రిస్టల్ ఆసిలేటర్ ఊగడం మొదలుపెట్టదు, దానికి కొంత సమయం పడుతుంది. ఆ కాసేపూ ఏ ఫ్లాప్‌లో ఏ విలువ ఉందో ఎవరూ చెప్పలేరు. దానికి తోడు అక్కడున్న ఎఫ్‌పీజీఏ యాక్టెల్ ఏ1020. దాని లోపలి చార్జ్ పంప్ (లోపల కావాల్సిన ఎక్కువ వోల్టేజ్‌ని తయారుచేసే సర్క్యూట్) లేచేదాకా అవుట్‌పుట్‌లు ట్రూత్ టేబుల్ ప్రకారం ఉంటాయన్న హామీ లేదు. ఆ అవుట్‌పుట్‌లకీ పేలుడు పరికరాల డ్రైవర్‌కీ మధ్య ఏ అడ్డూ లేదు. ఈ రెండు కారణాల్లో ఏది జరిగినా మూత ఊడుతుంది.

మీ బ్రేక్ చిప్‌కి ఇందులోంచి తీసుకోవాల్సింది ఉంది. వాల్వ్‌నో మోటారునో కదిలించే ప్రతి పిన్నుకీ, లోపలి లాజిక్ బతికి ఉన్నా లేకపోయినా సురక్షితంగా ఉండే ఏర్పాటు విడిగా కావాలి. నేనైతే అనలాగ్ పవర్-ఆన్-రీసెట్ బ్లాక్ (సప్లై ఎక్కేదాకా రీసెట్‌ని పట్టి ఉంచే సర్క్యూట్) అవుట్‌పుట్‌ని మధ్యలో ఒక్క ఫ్లాప్ కూడా లేకుండా నేరుగా ఆ ప్యాడ్‌ల అవుట్‌పుట్ ఎనేబుల్‌కి కలుపుతాను. రీసెట్‌లో ఉన్నంతసేపూ పిన్ను వదిలేసినట్టు ఉంటుంది, బోర్డు మీద పుల్-డౌన్ రెసిస్టర్ దాన్ని కిందికి లాగి ఉంచుతుంది. గేట్ డ్రైవర్ (వాల్వ్, మోటారులకి కరెంటిచ్చే ట్రాన్సిస్టర్లని నడిపే చిప్) ఎనేబుల్ మాత్రం మీ చిప్‌కి సంబంధం లేని వేరే సూపర్‌వైజర్ (వోల్టేజ్‌ని కాపలా కాసే చిప్) చేతిలో ఉండాలి. రెసిస్టర్ ఖర్చు పైసల్లో ఉంటుంది. దాన్ని బోర్డులోంచి తీసేయమని ఎవరైనా అడిగితే ఒప్పుకోకండి.

ఇక మీ ల్యాబ్‌లో వస్తున్న సమస్య. మీరు చెప్పిన లక్షణాలు చూస్తే నా అనుమానం రీసెట్ వదిలే క్షణం మీద. మీ స్టేట్ మెషీన్ (ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి నడిచే కంట్రోల్ లాజిక్) వన్-హాట్, అంటే ఎప్పుడూ ఒక్క ఫ్లాపే 1గా ఉండే రకం అనుకుందాం: ఐడిల్ అనే ఫ్లాప్ రీసెట్‌లో 1, మిగతావన్నీ 0. రీసెట్ పోగానే షరతేమీ లేకుండా ఐడిల్ నుంచి ఇనిట్‌కి వెళ్లాలి. బయటి రీసెట్ బటనో, సూపర్‌వైజర్ చిప్పో తనకి తోచిన క్షణంలో రీసెట్ వదులుతుంది. ఆ వార్త రెండు ఫ్లాప్‌లకీ ఒకేసారి చేరదు, తీగ పొడవుల్లో తేడా ఉంటుంది కదా. ఐడిల్ ఫ్లాప్‌కి క్లాక్ ఎడ్జ్‌కి కొంచెం ముందు చేరిందనుకోండి, అది ఎడ్జ్‌ని చూసి 0 అయిపోతుంది. ఇనిట్ ఫ్లాప్‌కి అదే ఎడ్జ్ దాటాక చేరింది, అది ఇంకా రీసెట్‌లోనే ఉండి 0గానే ఉండిపోతుంది. తర్వాతి క్లాక్‌కి చూస్తే అన్నీ సున్నాలే. అన్నీ సున్నాలున్న స్థితి నుంచి ఎక్కడికీ దారి లేదు. మెషీన్ అక్కడే కూర్చుంటుంది.

లెక్క కూడా కుదురుతుంది. 50 మెగాహెర్ట్జ్ అంటే 20 నానోసెకన్లకి ఒక ఎడ్జ్. రెండు ఫ్లాప్‌లకీ రీసెట్ చేరడంలో 80 పికోసెకన్ల తేడా ఉంటే చాలు, వదిలే క్షణం సరిగ్గా ఆ సందులో పడే అవకాశం 250కి ఒకటి. ఇక సిమ్యులేషన్ విషయానికొస్తే, టెస్ట్‌బెంచ్ (డిజైన్‌ని పరీక్షించే కోడ్) ఎప్పుడూ ఒకే చోట, సాధారణంగా క్లాక్ కింది ఎడ్జ్ దగ్గర రీసెట్ వదులుతుంది. ఆర్టీఎల్‌లో, అంటే మీరు రాసిన డిజైన్ కోడ్‌లో, తీగలకి ఆలస్యమే లేదు. కాబట్టి లక్షసార్లు నడిపినా ఆ సందు కనపడదు. కోడ్‌లో డిఫాల్ట్ బ్రాంచ్ (తెలిసిన ఏ స్థితీ కాకపోతే వెళ్లే దారి) రాశాం కదా అనుకోవద్దు. ఆ స్థితికి ఎలాగూ చేరలేదని తేల్చుకుని సింథసిస్ టూల్ (కోడ్‌ని గేట్‌లుగా మార్చేది) దాన్ని తీసేసి ఉండొచ్చు. సేఫ్ స్టేట్ మెషీన్ అనే ఆప్షన్ పెట్టారో లేదో, తర్వాత నెట్‌లిస్ట్‌లో (టూల్ ఇచ్చిన గేట్‌ల జాబితాలో) నిజంగా ఆ లాజిక్ ఉందో లేదో చూడండి.

దీనికి మందు మీకు తెలిసే ఉంటుంది, రెండు ఫ్లాప్‌ల రీసెట్ సింక్రొనైజర్. మొదటి ఫ్లాప్ డి ఇన్‌పుట్‌ని 1కి కట్టేస్తారు, రెండింటి క్లియర్ పిన్నులూ బయటి రీసెట్‌కి. రీసెట్ పడితే క్లాక్ లేకపోయినా రెండూ వెంటనే 0 అవుతాయి. వదిలాక ఆ 1 రెండు ఎడ్జ్‌లు దాటి బయటికి వస్తుంది. మొదటి ఫ్లాప్ మెటాస్టేబుల్ అయ్యే (0కీ 1కీ మధ్య కాసేపు ఊగిసలాడే) అవకాశం ఉంది, ఎందుకంటే దాని ఇన్‌పుట్ 1, అవుట్‌పుట్ 0. రెండో దానికి వదిలే క్షణంలో ఇన్‌పుట్టూ 0, అవుట్‌పుట్టూ 0. మారడానికి కారణమే లేదు కాబట్టి అది కదలదు. మొదటిది తేరుకోవడానికి ఒక పూర్తి క్లాక్ సమయం దొరుకుతుంది. ఈ ఒక్క విషయం బుర్రకెక్కితే మిగతాదంతా సులువు.

కానీ సింక్రొనైజర్ పెట్టాం, పనైపోయింది అనుకునే చోటే చాలామంది దెబ్బతింటారు. నేనూ తిన్నాను. చాలా ఏళ్ల కిందట ఒక చిప్‌లో ఈ ఏర్పాటు చక్కగా ఉంది, రివ్యూలో అందరం చూశాం. అయినా వేడిలో పెట్టినప్పుడు కొన్ని చిప్‌లు ఒక్కోసారి తప్పుగా లేచేవి. మూడు వారాలు వెతికాక దొరికింది: టైమింగ్ కన్‌స్ట్రెయింట్స్ ఫైల్‌లో ఒక్క లైన్. రీసెట్ నెట్ మొత్తానికి ఫాల్స్ పాత్ (ఈ దారి టైమింగ్ చూడక్కర్లేదని టూల్‌కి చెప్పే ఆదేశం) పెట్టి ఉంది. ఫాల్స్ పాత్ ఉండాల్సింది బయటి రీసెట్ నుంచి సింక్రొనైజర్ క్లియర్ పిన్నుల దాకా మాత్రమే. అక్కడి నుంచి వేలాది ఫ్లాప్‌లకి వెళ్లే దారిని రికవరీ, రిమూవల్ చెక్‌లతో మామూలు డేటా దారి లాగే టైమ్ చేయాలి. రికవరీ అంటే క్లాక్ ఎడ్జ్‌కి ఎంత ముందు రీసెట్ వదిలి ఉండాలో, రిమూవల్ అంటే ఎడ్జ్ తర్వాత ఎంతసేపు పట్టుకుని ఉండాలో చెప్పే హద్దులు. ఆ లైన్ వల్ల టూల్ ఆ దారి వైపే చూడలేదు. వేడెక్కేసరికి రీసెట్ ట్రీ నెమ్మదించి, చివరి కొమ్మలకి ఒక క్లాక్ ఆలస్యంగా చేరేది. ఆ రోజు నుంచి ఏ ప్రాజెక్ట్‌లో అడుగుపెట్టినా నేను ముందు తెరిచేది ఆ ఫైలే.

ఇంకో సంగతి, ఒక క్లాక్ డొమైన్‌కి (ఒకే క్లాక్‌తో నడిచే భాగానికి) సింక్రొనైజర్ ఒక్కటే ఉండాలి. ఫ్యానౌట్ (ఒక సిగ్నల్ నడపాల్సిన ఫ్లాప్‌ల సంఖ్య) ఎక్కువైందని కాపీలు చేస్తే ఒకటి ఈ క్లాక్‌కి, ఇంకొకటి తర్వాతి క్లాక్‌కి వదలొచ్చు, మళ్లీ మొదటికొస్తుంది. సింథసిస్ ఆ రెండు ఫ్లాప్‌లని ముట్టుకోకుండా గుర్తు పెట్టండి, పక్కపక్కనే ఉంచండి. స్కాన్ మోడ్‌లో (తయారైన చిప్‌ని పరీక్షించేటప్పుడు) రీసెట్ టెస్టర్ చేతిలో ఉండేలా మక్స్ (ఏ సిగ్నల్ వెళ్లాలో ఎంచే స్విచ్) పెట్టడం డీఎఫ్‌టీ (చిప్‌ని పరీక్షకి వీలుగా మలిచే) వాళ్లు చూసుకుంటారు. సింక్రనస్ రీసెట్ చెడ్డదేం కాదు. లోపలి డేటాపాత్‌కి (డేటా మీద లెక్కలు చేసే భాగానికి) అది శుభ్రంగా సరిపోతుంది. కంట్రోల్‌కీ, పిన్నులకీ మాత్రం దాన్ని నమ్ముకోవద్దు.

అసింక్రనస్ వైపు ఒక బలహీనత ఉంది, దాన్ని దాచకూడదు. ఆ రీసెట్ పిన్ను ఎంత సన్నటి గ్లిచ్ (క్షణకాలపు అక్కర్లేని పల్స్) వచ్చినా పట్టుకుంటుంది. పక్కనే మోటారు కరెంటు ఆన్ ఆఫ్ అవుతుండే బోర్డులో అది ఊహ కాదు, రోజూ జరిగేదే. అందుకే పిన్ను దగ్గర ష్మిట్ ట్రిగ్గర్ (చిన్న ఊగులాటల్ని పట్టించుకోని ఇన్‌పుట్ సర్క్యూట్), దాని వెనక కొన్ని వందల నానోసెకన్ల లోపు పల్స్‌ని మింగేసే ఫిల్టర్ కావాలి. ఆ ఫిల్టర్ కూడా క్లాక్ మీద ఆధారపడకూడదు. చిప్ లోపల రీసెట్‌ని గేట్‌లతో కలిపేటప్పుడు ఆ గేట్ ఇన్‌పుట్‌లు ఒకేసారి మారి సన్నటి గ్లిచ్ పుట్టించే చోట్లని కూడా వెతకండి. రీసెట్ దారిలో కాంబినేషనల్ లాజిక్ ఎంత తక్కువ ఉంటే అంత నిద్ర పడుతుంది.

వోల్టేజ్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే బండ్లలో అసలు టెన్షన్ ఇక్కడే. మన ఊళ్లలో బోరు మోటారుకి పెట్టే ఆటో స్టార్టర్‌ని గుర్తు తెచ్చుకోండి. కరెంటు రాగానే మోటారుని ఎక్కించదు. టైమర్ కాసేపు ఆగుతుంది, వోల్టేజ్ నిలకడగా ఉంటేనే కాంటాక్టర్ పడుతుంది. మధ్యలో వోల్టేజ్ పడిపోతే వదిలేస్తుంది. మంచి పవర్-ఆన్-రీసెట్, బ్రౌన్‌అవుట్ డిటెక్టర్ (వోల్టేజ్ కుంగితే పసిగట్టేది) కలిసి చేసేది ఇదే పని. కాలేజీలో 8051 మైక్రోకంట్రోలర్ బోర్డు మీద రీసెట్ పిన్నుకి 10 మైక్రోఫారడ్ కెపాసిటర్, ఒక రెసిస్టర్ పెట్టి నేర్చుకున్నాం. ఆ పిన్నుని రెండు మెషీన్ సైకిళ్లు, అంటే 24 క్లాక్‌లు పైకి పట్టుకుంటే చాలు కాబట్టి టేబుల్ మీద అది పనిచేసింది. బండిలో ఆ ఏర్పాటు నిలబడదు. చలికాలం పొద్దున్నే స్టార్టర్ మోటారు తిరిగేటప్పుడు 12 వోల్టుల బ్యాటరీ 6 దగ్గరికీ, ఒక్కోసారి ఇంకా కిందికీ జారుతుంది. సప్లై క్షణం పాటు కుంగి మళ్లీ లేస్తుంది. ఆ క్షణంలో కెపాసిటర్ ఖాళీ అవ్వదు, రీసెట్ పడదు. చిప్ మాత్రం సగం చెదిరిన విలువలతో నడుస్తూనే ఉంటుంది.

థ్రెషోల్డ్ ఎక్కడ పెట్టాలో అంకెలతో చూద్దాం. మీ కోర్ 1.2 వోల్టులు, టైమింగ్‌ని 10 శాతం కింద, అంటే 1.08 వోల్టుల దాకా సరిపోతుందని తేల్చి సైన్ ఆఫ్ చేశారనుకుందాం. పవర్-ఆన్-రీసెట్ 0.7 వోల్టుల దగ్గర వదులుతోందంటే, 0.7 నుంచి 1.08 దాకా ఉన్న ప్రాంతానికి కాపలా లేదు. అక్కడ ఫ్లాప్‌లు నడుస్తాయి, కానీ సెటప్ టైమ్ (ఎడ్జ్‌కి ముందు డేటా నిలకడగా ఉండాల్సిన సమయం) అందదు. రీసెట్ లేదు కాబట్టి పైకి అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. డిటెక్టర్ సొంత తేడాలన్నీ కలుపుకున్నా అది 1.08కి చేరకముందే పడాలి, లేచేటప్పుడు అంతకంటే కొంచెం పైన వదలాలి. ఆ రెండింటి మధ్య ఎడం లేకపోతే థ్రెషోల్డ్ దగ్గర రీసెట్ దడదడలాడుతుంది. ఫ్లాష్ మెమరీకి కావాల్సిన సప్లై వేరు కాబట్టి దానికి ఇంకో డిటెక్టర్ కావాలి.

ఆ డిటెక్టర్ చెడిపోతే ఎలా తెలుస్తుందో ఆలోచించారా? "అంతా బాగుంది" అన్న స్థితిలోనే ఇరుక్కుపోతే, వోల్టేజ్ నిజంగా పడిన రోజు దాకా ఎవరికీ తెలీదు. బండ్ల భద్రతా ప్రమాణం ఐఎస్ఓ 26262 దీన్ని లేటెంట్ ఫాల్ట్ (దాగి ఉన్న తప్పు) అంటుంది. ఆసిల్-డికి సింగిల్ పాయింట్ ఫాల్ట్ మెట్రిక్ (ఒక్కటే ప్రమాదం తెచ్చే తప్పుల్ని ఎంతవరకు అడ్డుకున్నామన్న కొలత) 99 శాతం, లేటెంట్ ఫాల్ట్ మెట్రిక్ 90 శాతం చూపించాలి, మొత్తం మీద 10 ఫిట్ లోపు ఉండాలి. ఒక ఫిట్ అంటే వంద కోట్ల గంటలకి ఒక వైఫల్యం. అందుకే పవర్ ఆన్ అయిన ప్రతిసారీ డిటెక్టర్ థ్రెషోల్డ్‌ని కావాలనే సప్లై కంటే పైకి జరిపి, అది పడుతోందో లేదో పరీక్షించే చిన్న సర్క్యూట్ పెట్టండి. ఆ పరీక్ష జరుగుతున్నప్పుడు దాని అవుట్‌పుట్ నిజం రీసెట్‌కి వెళ్లకూడదు. పరీక్ష అయ్యాక ఆ మాస్క్ తీసేశామని కూడా తిరిగి చదివి చూసుకోవాలి.

లాక్‌స్టెప్ కోర్‌లు వాడుతుంటే రెండు మాటలు. ఒకే పనిని రెండు కోర్‌లు కొన్ని క్లాక్‌ల తేడాతో చేస్తాయి, కంపారేటర్ పోల్చి చూస్తుంది. రెండింటికీ రీసెట్ ఒకే కొమ్మ నుంచి వెళ్తే, ఆ కొమ్మ మీద గ్లిచ్ రెండింటినీ ఒకేలా పాడు చేస్తుంది, కంపారేటర్‌కి తేడా కనపడదు. మొదటి కోర్ రీసెట్‌నే ఫ్లాప్‌లతో సరిగ్గా అన్ని క్లాక్‌లు ఆలస్యం చేసి రెండోదానికి ఇవ్వండి, తీగల్ని దూరదూరంగా నడపండి, కంపారేటర్‌కి సొంత కొమ్మ ఇవ్వండి. ఇంకోటి, ప్రాసెసర్ లోపల జనరల్ రిజిస్టర్లు చాలావాటికి రీసెట్ ఉండదు. పవర్ రాగానే రెండు కోర్‌లలో రెండు రకాల చెత్త ఉంటుంది, దాన్ని స్టాక్‌లోకి తోయగానే కంపారేటర్ తప్పు అని కేక పెడుతుంది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ హెర్క్యులిస్ చిప్‌ల స్టార్టప్ కోడ్ చూడండి, మొట్టమొదటి పని కోర్ రిజిస్టర్లన్నింటికీ తెలిసిన విలువ పెట్టడమే.

వాచ్‌డాగ్ (ప్రోగ్రామ్ సమయానికి తట్టకపోతే రీసెట్ వేసే టైమర్) మీ చిప్‌లో కొంత భాగాన్నే రీసెట్ చేసే ఏర్పాటు ఉంటే రీసెట్ డొమైన్ క్రాసింగ్ వస్తుంది. రీసెట్ పడ్డ ఫ్లాప్ విలువ క్లాక్‌తో పనిలేకుండా మారుతుంది, రీసెట్ పడని పక్క ఫ్లాప్ దాన్ని సరిగ్గా ఎడ్జ్ దగ్గర చదివితే మెటాస్టేబుల్ అవుతుంది. రెండూ ఒకే క్లాక్ అయినా సరే. నేను చూసిన వాటిలో అన్నింటికంటే ఇబ్బంది పెట్టింది ఇలాంటిదే. వార్మ్ రీసెట్ (పవర్ తీయకుండా వేసే రీసెట్) తర్వాత కూడా నిలవాలని ఫాల్ట్ లాగ్‌ని ఎస్‌ర్యామ్‌లో దాచేవాళ్లం. అరుదుగా ఆ లాగ్‌లో కాదు, దానికి సంబంధమే లేని అడ్రస్‌లలో ఈసీసీ (మెమరీలో చెడిన బిట్లని పట్టే కోడ్) తప్పులు వచ్చేవి. చివరికి తేలింది ఏంటంటే, మెమరీ అడ్రస్ ఫ్లాప్‌లకి అసింక్రనస్ రీసెట్ ఉంది. మెమరీ యాక్సెస్ మధ్యలో ఉండగా రీసెట్ పడితే అడ్రస్ ఉన్నట్టుండి సున్నాకి దూకేది, ఒకేసారి రెండు వర్డ్‌లైన్‌లు (మెమరీలో ఏ వరసని చదవాలో ఎంచే తీగలు) తెరుచుకుని ఒకదాని విలువ ఇంకోదాంట్లో కలిసేది. వార్మ్ రీసెట్ క్రమం మార్చాం: ముందు క్లాక్ ఆపడం, తర్వాత రీసెట్ వేయడం, వదలడం, ఆ తర్వాతే క్లాక్ ఇవ్వడం. క్లాక్ ఆగకపోతే ఎదురుచూస్తూ కూర్చోకుండా గడువు దాటగానే ఎలాగైనా రీసెట్ పడేలా పెట్టాం. పవర్-ఆన్-రీసెట్‌కి ఈ క్రమం అక్కర్లేదు, అప్పటికి మెమరీలో కాపాడుకోవాల్సింది ఏమీ ఉండదు.

వాచ్‌డాగ్‌కి సొంత ఆసిలేటర్ ఉండాలి, విండో ఉండాలి. ఆలస్యంగా తట్టినా తప్పే, తొందరగా తట్టినా తప్పే. రీసెట్ ఎందుకు పడిందో రాసే రిజిస్టర్ పవర్-ఆన్-రీసెట్‌తో మాత్రమే చెరగాలి. లేకపోతే ఫీల్డ్ నుంచి వచ్చిన చిప్ మీకు ఏమీ చెప్పదు. వరసగా ఇన్నిసార్లు పడితే ఇక లేవకుండా సురక్షిత స్థితిలో ఆగిపోవాలన్న లెక్క కూడా హార్డ్‌వేర్‌లోనే పెట్టండి. రీసెట్ తర్వాత ఏం నిలవాలో ముందే నిర్ణయించుకుంటే ఎంత మేలో 1969 జులై 20న తెలిసింది. అపోలో 11 చంద్రుడి మీద దిగుతుండగా కంప్యూటర్ మీద భారం ఎక్కువై 1202 అలారం మోగింది. ప్రతిసారీ అది రీస్టార్ట్ అయి, అవసరం లేని పనుల్ని వదిలేసి, దిగడానికి కావాల్సిన లెక్కల్ని వదిలిన చోటి నుంచే అందుకుంది.

ఇప్పుడు మీ ల్యాబ్‌కి. ముందు కన్‌స్ట్రెయింట్స్ ఫైల్‌లో రీసెట్ మీద ఉన్న ప్రతి లైన్ చదవండి, తర్వాత నెట్‌లిస్ట్‌లో సింక్రొనైజర్ ఒక్కటే ఉందో, టూల్ కాపీ చేసిందో చూడండి. బిగుసుకున్నప్పుడు స్టేట్ రిజిస్టర్‌ని బయటి పిన్నులకి తెచ్చి చూస్తే అన్నీ సున్నాలా కాదా అన్నది నిమిషంలో తేలిపోతుంది. సున్నాలే అయితే పైన చెప్పిందే మీ కేసు. ఆ తర్వాత ప్రోగ్రామబుల్ పవర్ సప్లై పెట్టి, ఆఫ్‌లో ఉంచే సమయాన్ని 10 మిల్లీసెకన్ల నుంచి కొన్ని నిమిషాల దాకా మార్చుతూ, వోల్టేజ్ ఎక్కే వేగాన్ని కూడా మార్చుతూ వేలసార్లు ఆన్ చేయండి. ఊరికే ఆఫ్ చేసి వెంటనే ఆన్ చేస్తే కెపాసిటర్లలో మిగిలిన చార్జ్ వల్ల చిప్ నిజంగా సున్నా నుంచి లేవదు, తప్పు దాక్కుంటుంది. స్కోప్ ఒక చానల్ సప్లై మీద, ఒకటి ఆసిలేటర్ మీద, ఒకటి రీసెట్ మీద, నాలుగోది వాల్వ్ డ్రైవర్‌కి వెళ్లే పిన్ను మీద ఉంచి, మొదటి క్లాక్ ఎడ్జ్‌కి ముందు ఆ పిన్ను కదులుతోందేమో చూడండి. రాత్రంతా ఆఫ్‌లో ఉంచి పొద్దున్నే చేసే మొదటి పవర్ ఆన్ ట్రేస్‌ని విడిగా సేవ్ చేసుకోండి. అది తప్పిపోతే మళ్లీ తీయడానికి ఇంకో రాత్రి ఆగాలి.